సాల్ట్ వెరాండా బదులు లిండెన్ అవర్

హోటల్ లాబీలో కూర్చున్నప్పుడు నెత్తిమీద ఎక్కడినుంచో ఒక పాట వస్తూ ఉంటుంది. నింపాదిగా నడిచే బీటు, అడుగున బరువుగా బేస్, మధ్యలో కీబోర్డు, వాటన్నిటి మీద చెవి దగ్గర కూర్చుని మాట్లాడుతున్నట్టు ఒక ఆడగొంతు. ఆ పాట విన్నామని కూడా మీరు అనుకోరు. లిఫ్ట్ రాగానే లేచి వెళ్లిపోతారు. అది ఎవరు పెట్టారని ఎవరూ అడగరు. పెట్టింది నేను. నేను కాకపోతే నాలాంటి మరొకరు.

టెక్సస్ రాష్ట్రంలోని ఇర్వింగ్‌లో, లాస్ కోలినాస్ వైపు ఒక ఆఫీసులో రిటైరయ్యేదాకా నేను చేసిన పని ఇదే. హోటళ్లకు, స్పాలకు, ఫర్నిచర్ షాపులకు, డెంటల్ క్లినిక్‌లకు, ఆసుపత్రులకు రోజంతా మోగే సంగీతాన్ని ఏర్చి కూర్చి పంపడం. ఈమధ్య మన పిల్లలు కూడా ఈ పనిలోకి వస్తున్నారు. ఆ మధ్య ఇద్దరు మా ఇంటికి టీకి వచ్చి, "ఆంటీ, యాక్చువల్‌గా మీరు జాబ్‌లో ఏం చేసేవారు?" అని అడిగారు. "పోలికలు చూసేదాన్ని" అన్నాను. ఇద్దరూ పకపకా నవ్వారు. పెళ్లిచూపులు గుర్తొచ్చాయేమో. నాకు కోపమొచ్చింది, కానీ టీ ఇచ్చాక కోప్పడటం బాగుండదని ఊరుకున్నాను. చెప్పాల్సింది ఇక్కడ రాస్తున్నాను. నాకు ఏ ఏడు ఏ హోదా వచ్చిందో రాయను. దానివల్ల ఎవరికీ ఒరిగేది లేదు.

అసలు పని

ఒక బృందం పాటలు వాడుకోవడానికి కంపెనీకి ఉన్న లైసెన్సు అయిపోతుంది. రెన్యూ చేయరు. ఆ పాటలు మోగుతున్న హోటళ్లకూ షాపులకూ తేడా తెలియకూడదు. అందుకని అచ్చం అలాగే వినపడే మరో బృందాన్ని వెతికి ఆ స్థానంలో పెట్టాలి. మా పనిలో సగం ఇదే. ఫలానావాళ్ల బదులు ఫలానావాళ్లు. తమ పాట ఇంకొకరి పాటలా ఉందని అంటే కళాకారులకు తిట్టినట్టు ఉంటుంది. మాకు అదే కూడు పెట్టింది.

డౌన్‌టెంపో ఎలక్ట్రానిక్ అనే ఈ నింపాది తరహాలో బృందాలు కొల్లలు. చాలావరకు ఇద్దరే ఉంటారు. మెషీన్ల ముందు కూర్చుని సంగీతం కట్టే మనిషి ఒకరు, పాడే అమ్మాయి ఒకరు. కొత్తగా చేరినవాళ్ల చెవికి అందరూ ఒక్కలాగే ఉంటారు. నాకూ అంతే ఉండేది. మొదటి నెలల్లో నా తలప్రాణం తోకకొచ్చింది. నన్ను సంగీతం వచ్చని తీసుకోలేదు, డేటా ఎంట్రీకి తీసుకున్నారు. చిన్నప్పుడు నేర్చుకున్న నాలుగు కీర్తనలు ఇక్కడ ఎందుకూ పనికిరాలేదు. అందరూ నా శాస్త్రీయ జ్ఞానం వల్ల పైకొచ్చాననుకుంటారు, అది ఒట్టిమాట.

నాకు పని నేర్పింది ఐలీన్, నా మొదటి బాస్. అరవై దాటిన మనిషి, మాటలో పొదుపు. ఒకరోజు నా హెడ్‌ఫోన్స్ తీసేసి, స్పీకర్‌లో పాట పెట్టి వాల్యూమ్ తగ్గిస్తూ పోయింది. బేస్ పోయింది, కీబోర్డు పోయింది, చివరికి గొంతులో ఒక అంచు మాత్రం మిగిలింది. "చివరికి ఏది మిగులుతుందో అదే ఆ బృందం. మిగతాదంతా బట్టలు" అంది. అప్పటినుంచి ఇప్పటిదాకా నేను అలాగే వింటాను. ఒకామె బీటుకి రవ్వంత వెనకాల నడుస్తుంది. ఇంకొకామె మాట చివర హల్లును మింగేస్తుంది. మరొకామె ఒకే వరసను రెండుసార్లు పాడి ఒకదానిమీద ఒకటి పెడుతుంది, అందుకే ఒక్కతే పాడినా ఇద్దరున్నట్టు ఉంటుంది. "డ్రీమీ", "మత్తుగా ఉంది", "హాయిగా ఉంది" అని రాసేవాళ్లను ఐలీన్ గదిలోంచి పంపించేసేది. ఆ మాటలు వినేవాడి గురించి చెప్తాయి, పాడేవాళ్ల గురించి కాదు.

ఒకసారి ఒక ఫర్నిచర్ షాపుకి ఒక బృందాన్ని మార్చి ఇచ్చాం. కొనేవాళ్లెవరూ ఏమీ అనలేదు. అక్కడ పనిచేసే అమ్మాయిలు మాత్రం గోల పెట్టారు, రోజంతా ఎవరో వెనకనుంచి తోస్తున్నట్టు ఉందని. ఐలీన్ ఆ పాట విని నవ్వింది. కొత్త గాయని బీటు కంటే ముందు మాట అందుకుంటోంది. వచ్చిపోయేవాళ్లకు తెలియదు, అక్కడే ఉండిపోవాల్సినవాళ్లకు తెలుస్తుంది. ఈ పనిలో ఉన్నన్నాళ్లూ నేను మరచిపోకుండా పెట్టుకున్న సంగతి అదొక్కటే.

డారెల్ అడిగిన కారణం

ఐలీన్ వెళ్లాక డారెల్ వచ్చాడు. సేల్స్ నుంచి వచ్చినవాడు, సంగీతమంటే చెవి కోసుకునే రకం కాదు. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, చెడ్డవాడు కాదు. పోలికలు చూసే సాఫ్ట్‌వేర్ తెప్పించాడు. అది పాట వేగం, స్వరస్థాయి, వాయిద్యాలు, గొంతు రంగు అన్నీ చూసి ఎవరికి ఎవరు దగ్గరో చెప్పేది. చాలాసార్లు సరిగ్గానే చెప్పేది. దాన్ని తిట్టుకుంటూ కూర్చునే ముసలివాళ్లలో నేను లేను.

ఒక ఆసుపత్రిలో కీమో ఎక్కించే గది ఉంది. రోగులు వరసగా వాలుకుర్చీల్లో కూర్చుంటారు, మందు చుక్క చుక్కగా ఎక్కుతూ ఉంటుంది, సీలింగ్‌లోంచి మా సంగీతం వస్తుంది. అక్కడ సాల్ట్ వెరాండా అనే బృందం పాటలు ఎక్కువగా ఉండేవి. లైసెన్సు అయిపోయింది. వాళ్ల బదులు లిండెన్ అవర్ అనే బృందాన్ని పెట్టమంది సాఫ్ట్‌వేర్.

నేను రెండూ విన్నాను. వేగం ఒకటే, శ్రుతి ఒకటే, గొంతులు అక్కాచెల్లెళ్ల గొంతుల్లా ఉన్నాయి. ఇద్దరూ బీటుకి వెనకాలే నడుస్తారు. అయినా ఏదో తేడా. వాల్యూమ్ తగ్గించి విన్నాను, పెంచి విన్నాను. తేడా ఉందని తెలుస్తోంది, ఎక్కడుందో దొరకలేదు.

"ఇవి రెండూ ఒకటి కావు" అన్నాను డారెల్‌తో.

"ఎలా కావు? రాజ్, నేను కాగితం మీద రాయగలిగే రీజన్ ఒకటి చెప్పు." నా పేరు రాజ్యలక్ష్మి. ఆఫీసులో రాజ్ దగ్గర ఆగిపోయింది.

"లిండెన్ అవర్ పెడితే గది ఖాళీగా ఉన్నట్టు ఉంటుంది."

"అది రీజన్ కాదు, ఫీలింగ్. చెప్పలేకపోతే లేనట్టే."

మార్చాల్సింది నేనే కాబట్టి మార్చాను. తరువాత నర్సులు రోగులందరినీ మ్యూజిక్ ఎలా ఉందని అడిగారట. ఒక్క ఫిర్యాదు కూడా లేదు. డారెల్ ఆ మాట నాకు చెప్పి, ఎగతాళి చేయకుండా వెళ్లిపోయాడు. ఎగతాళి చేసి ఉంటే కాస్త పోట్లాడుకునేవాళ్లం.

మూర్తి గారి "గుడ్"

మా అపార్ట్‌మెంట్స్‌లో శారద అనే అమ్మాయి ఉండేది. పొద్దున్నే ఇద్దరం కలిసి నడిచేవాళ్లం. వాళ్లాయన మూర్తి గారు సాఫ్ట్‌వేర్ టెస్టర్, ప్లేనోలో ఆఫీసు. నోట్లో నాలుక లేని మనిషి. ఆయనకు క్యాన్సర్ వచ్చిందని, కీమో నడుస్తోందని నాకు తెలుసు. ఏ ఆసుపత్రి అని నేనెప్పుడూ అడగలేదు, ఆమె చెప్పలేదు.

ఒక వారం శారద నడకకు రాలేదు. ఏమైందోనని వాళ్లింటికి వెళ్లాను. తలుపు తీసి నన్ను చూడగానే ఏడ్చేసింది.

"ఆయన ఇంక కీమోకి వెళ్లరట అక్కా. ఒక సిట్టింగ్ ఆల్రెడీ స్కిప్ చేసేశారు. డాక్టర్ ఫోన్ మీద ఫోన్. మందు పని చేస్తోంది, మధ్యలో ఆపితే ఇన్నాళ్లు పడిందంతా వేస్ట్ అంటోంది. నేను చెప్పి చెప్పి అలిసిపోయాను. మీరు ఒకసారి అడగరూ?"

హాల్లో మూర్తి గారు సోఫాలో ఒక మూల ఒదిగి కూర్చున్నారు. ముందున్న బల్లమీద దేవుడి పాటల సీడీలు, పెన్‌డ్రైవులు. మనవాళ్లు పరామర్శకు వస్తే ఉత్తచేతులతో రారు. ఒకరు సహస్రనామం తెస్తారు, ఒకరు మృత్యుంజయం వాట్సాప్‌లో పంపుతారు, ఒకరు సుందరకాండ రోజూ వినమంటారు. ఆయన అందరికీ "చాలా బాగుందండి, తప్పకుండా వింటాను" అని చెప్పారట. పాపం అన్నీ విన్నారు కూడా.

శారద కాఫీ పెట్టడానికి లోపలికి వెళ్లాక, "ఏమైందండీ?" అని అడిగాను.

"రాజీ గారూ, మీరు నవ్వకూడదు."

"నవ్వను, చెప్పండి."

"అక్కడ రూమ్‌లో సీలింగ్‌లోంచి ఒక పాట వచ్చేది. ఎవరో అమ్మాయి. ఇంగ్లీషే గానీ ఒక్క ముక్క అర్థం కాదు. మందు ఎక్కడం మొదలవగానే నాకు కడుపులో తిప్పేస్తుంది. నర్స్ 'స్లోగా బ్రీత్ చేయండి' అంటుంది. ఎలా చేయాలండీ? ఎంత స్లోగా? ఆ అమ్మాయి ప్రతి లైన్ ముందు ఊపిరి తీసుకుంటుంది. క్లియర్‌గా వినపడుతుంది. ఆమె తీసుకున్నప్పుడు నేనూ తీసుకునేవాణ్ణి. ఆమె పాడుతున్నంతసేపు మెల్లగా వదిలేవాణ్ణి. అలా బండి నడిచిపోయేది."

నేను కుర్చీ ఆయన దగ్గరికి లాక్కున్నాను.

"తర్వాత మార్చేశారండీ. ఇప్పుడొచ్చేది అచ్చం అలాగే ఉంటుంది. మొదట అదే గొంతు అనుకున్నాను. కానీ ఈవిడ ఊపిరి తీసుకోదు. నేను ఎదురుచూస్తూ కూర్చుంటాను, ఈవిడ పాడుతూనే ఉంటుంది. లాస్ట్ టైమ్ నాకు గాలి అందలేదు. మెషీన్ మోగింది, నలుగురు పరిగెత్తుకొచ్చారు. మళ్లీ ఆ చెయిర్‌లో కూర్చోవాలంటే నా వల్ల కాదు."

నేను పెంచి, తగ్గించి, రోజులకొద్దీ విని పట్టుకోలేనిది ఇదే. సాల్ట్ వెరాండా పాటల్లో గాయని ఊపిరి ఉంచేశారు. లిండెన్ అవర్ వాళ్లు ఎడిటింగ్‌లో ఊపిరిని ముక్క ముక్కగా కోసి తీసేశారు. అది తప్పేమీ కాదు, చాలామంది తీసేస్తారు. గొంతు మనిషిలోంచి కాక గాల్లోంచి వచ్చినట్టు ఉండాలని వాళ్ల కోరిక. ఆమె పాడిన చోటల్లా నేను విన్నాను, పాడని చోట వినలేదు.

"ఆ పాట మార్చింది మా ఆఫీసేనండీ. నా చేతుల మీదుగానే జరిగింది" అన్నాను.

ఆయన కళ్లు పెద్దవయ్యాయి. "అవునా? మీరు అంత పెద్ద పని చేస్తారని తెలీదండీ" అన్నారు గౌరవంగా.

"మరి నర్సు అడిగిందిగా, మ్యూజిక్ ఎలా ఉందని?"

"అడిగింది."

"ఏమన్నారు?"

"గుడ్ అన్నాను."

"ఎందుకన్నారు?"

"ఏమోనండీ. వాళ్లడిగితే గుడ్ అనే కదా అంటాం."

నిజమే. మేనేజర్ అడిగినా గుడ్, హోటల్లో ఉప్పులేని కూర పెట్టి అడిగినా గుడ్, డెంటిస్ట్ నోట్లో వేళ్లు పెట్టి అడిగినా గుడ్. ఇన్నేళ్లు ఈ దేశంలో ఉండి మనం బాగా నేర్చుకున్న మాట అది. ఈ పనిలోకి వచ్చే పిల్లలకు గట్టిగా చెప్తున్నాను, మనవాళ్లు చెప్పిన గుడ్‌ని లెక్కలోకి తీసుకోకండి. వెళ్లి పక్కన కూర్చుని, కాఫీ తాగి, ఇంకోసారి అడగండి.

శారద కాఫీ కప్పులతో గుమ్మంలోనే నిలబడిపోయింది. అంతా విన్నట్టుంది. "ఎవరో తెల్లపిల్ల ఊపిరి కోసం ట్రీట్‌మెంట్ మానేస్తారా? ఈ మాట నాకు చెప్తే నేనేమైనా మింగేస్తానా?" అంది. నవ్వుతోందో ఏడుస్తోందో ఆమెకే తెలియలేదు.

"నువ్వు ఇలా అంటావనే చెప్పలేదు" అన్నారాయన.

కుర్చీలో డారెల్

ముందు తేలికైన దారి చూశాను. సాల్ట్ వెరాండా ఆల్బమ్ ఆయన ఫోన్‌లో వేసి, ఇయర్‌ఫోన్స్ ఇచ్చాను. ఇంట్లోనే పెట్టుకుని చూశారు. కాసేపటికే తీసేశారు. "చెవులు మూసుకుపోతే నా ఊపిరే నాకు పెద్దగా వినపడుతోందండీ. ఆమెది వినపడట్లేదు" అన్నారు. అది కూడా నిజమే, మీరు చెవులు మూసుకుని చూడండి. పాట గదిలోనే మోగాలి, పైనుంచే రావాలి. తరువాతి సిట్టింగ్‌కి ఆట్టే టైము లేదు. అదీ తప్పితే మళ్లీ మొదటికొస్తుందని డాక్టర్ చెప్పేసింది.

డారెల్ గదికి వెళ్లాను. "రీజన్ దొరికింది" అన్నాను.

"చెప్పు."

"చెప్పను. ఇలా వచ్చి కూర్చో."

మా ఆఫీసులో పాటలు వినే గదిలో ఒక పాత వాలుకుర్చీ ఉండేది. అందులో కూర్చోమన్నాను. సాల్ట్ వెరాండా పాట పెట్టాను. "ఆమె ఊపిరి తీసుకున్నప్పుడు నువ్వూ తీసుకో. ఆమె పాడుతున్నంతసేపు వదులు" అన్నాను. నన్నొక పిచ్చిదాన్ని చూసినట్టు చూసి, సరే అన్నాడు. పాట సగం అయ్యేసరికి అతని భుజాలు దిగాయి. మెడ వెనక్కి వాల్చాడు. అతను అలా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు.

తరువాత ఏమీ చెప్పకుండా లిండెన్ అవర్ పెట్టాను. అతను అలవాటుగా ఆమె ఊపిరి కోసం ఆగాడు. ఆమె తీసుకోలేదు. ఇంకాస్త ఆగాడు. ముఖం ఎర్రబడింది, చప్పున లేచి కూర్చున్నాడు.

"గాలి అందలేదు" అన్నాడు.

"ఆ గదిలో ఒకాయనకు అందడం లేదు. సూది గుచ్చుకుని, కడుపులో తిప్పుతుండగా."

మూర్తి గారి సంగతి చెప్పాను. పేరు చెప్పలేదు. డారెల్ ఒకటే అన్నాడు, "నువ్వు అప్పుడు చెప్పింది నేను వినాల్సింది." బాస్‌లలో ఆ మాట అనగలిగినవాణ్ణి నేను ఇతన్నొక్కణ్ణే చూశాను.

కంపెనీ మొత్తానికి లైసెన్సు మళ్లీ తీసుకోవడం అతని చేతుల్లో లేదు. ఆ ఒక్క గదికి అనుమతి తెచ్చుకుంటే తను సంతకం పెడతానన్నాడు. సాల్ట్ వెరాండా గాయని పేరు మారెన్. బృందం అప్పటికే విడిపోయింది, పాటల హక్కులు ఆమె దగ్గరే ఉన్నాయి. ఫోన్ చేశాను. సంగతంతా చెప్పాను.

"సంగీతం కట్టే మావాడు ఊపిరి తీసేద్దామని ప్రతి పాటకీ గొడవ పడేవాడు" అంది మారెన్. "నాయిస్ అనేవాడు. అది తీసేస్తే పాడింది నేనే అని నాకు అనిపించదని ఉంచమన్నాను. మా గొడవలన్నీ అక్కడే మొదలయ్యాయి." అనుమతి సంగతి అడిగితే, "ఆయనకు కావలసినన్నాళ్లు మోగించుకోండి" అంది.

ఆ సిట్టింగ్‌కి శారదతో పాటు నన్నూ రానిచ్చారు. మూర్తి గారు మెల్లగా కుర్చీలో కూర్చున్నారు. నర్సు మందు కలిపింది. పాట మొదలైంది. ఆయన కళ్లు మూసుకున్నారు. మారెన్ ఊపిరి తీసుకుంది, ఆయన తీసుకున్నారు. నాకు కళ్లనీళ్లు ఆగలేదు, తల పక్కకు తిప్పుకున్నాను. ఎదుటి కుర్చీలో ఒక టెక్సస్ పెద్దాయన, కౌబాయ్ టోపీ ఒళ్లో పెట్టుకుని నిద్రపోతున్నట్టు ఉన్నాడు. ఆమె ఊపిరి తీసుకున్నప్పుడల్లా ఆయన ఛాతీ కూడా లేస్తోంది. కిటికీ దగ్గర కూర్చున్న ముసలావిడదీ అంతే. మొన్న పాట మారిందని వాళ్లు కూడా ఎవరికీ చెప్పలేదు. మూర్తి గారిని అడిగినట్టే వాళ్లనూ నర్సు అడిగే ఉంటుంది.

శారద అడిగింది

మూర్తి గారు మిగతా సిట్టింగులన్నీ పూర్తి చేశారు. జుట్టు మళ్లీ వచ్చింది. ప్లేనో ఆఫీసుకి మళ్లీ డ్రైవ్ చేసుకుంటూ వెళ్లారు. మా ఇంటికి వచ్చి నా పులిహోర తిని "గుడ్" అన్నారు, అని నాలుక కరుచుకుని, "ఉప్పు కాస్త తక్కువైందండీ" అన్నారు. ముగ్గురం కడుపుబ్బా నవ్వుకున్నాం. ఈ కథ ఇక్కడ ఆపేస్తే బాగుంటుంది. నేను రిటైరైనప్పుడు చిన్న ఉపన్యాసంలో ఇక్కడికే ఆపాను, అందరూ చప్పట్లు కొట్టారు.

తరువాత జబ్బు తిరగబెట్టింది. ఈసారి డాక్టర్లు ఇంటికి పంపేశారు. హాల్లో ఆసుపత్రి మంచం వేశారు. శారద పాట పెట్టేది, అదే పాట, స్పీకర్‌లో, పైనుంచి వచ్చేట్టు అల్మారా మీద పెట్టి. ఆయన దానితో పాటే ఊపిరి తీసుకునేవారు. ఒక మధ్యాహ్నం పాట నడుస్తుండగా మారెన్ ఊపిరి తీసుకుంది. ఆయన తీసుకోలేదు. శారద నాకు చెప్పింది, పాట అయిపోయేదాకా ఆ అమ్మాయి ఊపిరి తీసుకుంటూనే ఉందని.

నెలమాసికం కూడా అయ్యాక ఒకరోజు శారద మా ఇంటికొచ్చింది. చాలాసేపు అవీ ఇవీ మాట్లాడింది. లేచి వెళ్లబోతూ చెప్పుల దగ్గర ఆగింది.

"అక్కా, ఆ రెండో పాట ఉందా మీ దగ్గర?"

"ఏ రెండోది?"

"ఆయన వద్దన్నది. ఊపిరి లేనిది."

నాకు వెంటనే అర్థం కాలేదు.

"ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉంటోంది అక్కా. ఆ పాట అలవాటైపోయింది, అది మోగకపోతే ఉండలేకపోతున్నాను. పెడితే మాత్రం, ఆ అమ్మాయి ఊపిరి తీసుకున్నప్పుడల్లా నేను ఆయన మంచం ఉన్న వైపు చూస్తున్నాను. ప్రతిసారీ. అచ్చం అలాగే ఉండాలి. ఊపిరి మాత్రం తీసుకోకూడదు."

ఇన్నేళ్ల పనిలో ఎందరో క్లయింట్లు నన్ను ఎన్నో అడిగారు. దేనికి బదులు ఏది కావాలో ఇంత స్పష్టంగా ఎవరూ చెప్పలేదు. లిండెన్ అవర్ వాళ్లను ఆఫీసులో నేను అనని మాట లేదు. ప్రాణం లేని పాట అన్నాను, మనిషి లేని గొంతు అన్నాను. ఆ అమ్మాయి పేరేమిటో కూడా ఎప్పుడూ చూడలేదు.

శారదను కూర్చోబెట్టి పాట వెతికి పెట్టాను. నింపాదిగా బీటు మొదలైంది, బేస్ వచ్చింది, గొంతు వచ్చింది. శారద మొదటి లైన్ ముందు బిగుసుకుపోయింది. లైన్ అయిపోయింది, రెండోది వచ్చింది, మూడోది వచ్చింది. ఆమె వేళ్లు మెల్లగా వదులయ్యాయి. ఆ పాటలో ఎక్కడా ఎవరూ ఊపిరి తీసుకోలేదు. గదిలో మా ఇద్దరిదే వినపడింది.